రెండు బకెట్ల నీళ్లతో కారు రంగును కాపాడుకుందాం



ఇంటి దగ్గరే కారు కడుక్కోవడం, పాలిష్ పట్టడం, మైనం పూయడం. ఈ మూడు పనుల గురించి ఇవాళ చెప్పుకుందాం. "కారు కడగడానికి కూడా ఒక ప్రసంగం కావాలా? నాలుగు చెంబులు నీళ్లు పోసి గుడ్డతో తుడిస్తే సరిపోదా?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. అసలు చిక్కంతా ఆ తుడవడంలోనే ఉంది. కారు రంగు పాడు కావడానికి ఎండా వానా ఎంత కారణమో, మనం తుడిచే తీరు కూడా అంత కారణం.

మన సరిహద్దు జిల్లాల్లో చాలామందికి కారు షోకు వస్తువు కాదు. అప్పు చేసి కొని, కిరాయికి తిప్పుకునే బతుకుదెరువు బండి. పెళ్లికో, ఆసుపత్రికో, రైలు స్టేషనుకో కిరాయికి పిలిచేవారు ముందు చూసేది బండి పైరూపాన్నే. రేపు ఆ బండిని అమ్మబోతే కొనేవాడు ముందు చెయ్యి వేసి చూసేది కూడా రంగునే. అంతేకాదు, రంగు లేచిపోయిన చోట రేకు బయటపడుతుంది. బయటపడిన రేకును తుప్పు తింటుంది. తుప్పు తిన్న రేకుకు డెంటింగు, పెయింటింగు చేయించాలంటే వేలల్లో ఖర్చు. కాబట్టి రంగును కాపాడుకోవడమంటే బండి మీద పెట్టిన డబ్బును కాపాడుకోవడమే.

ముందుగా ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. కడగడం, పాలిష్ పట్టడం, మైనం పూయడం అనేవి మూడూ ఒకటి కావు. కడగడం మురికిని తీసేస్తుంది. పాలిష్ రంగు పైపొరను కొద్దిగా అరగదీస్తుంది. మైనం ఆ పొర మీద మరొక సన్నని పొర వేస్తుంది. ఒకటి తీసేది, ఒకటి అరగదీసేది, ఒకటి వేసేది. ఈ తేడా తెలిస్తే ఏ పని ఎన్నిసార్లు చెయ్యాలో మీకే తెలిసిపోతుంది. కడగడం తరచుగా చెయ్యాలి. మైనం రెండు మూడు నెలలకు ఒకసారి వెయ్యాలి. పాలిష్ మాత్రం అవసరం పడినప్పుడే, ఏడాదికి ఒకసారికి మించకుండా పట్టాలి.

ఈ పాఠం నేర్చుకోవడానికి మంచి చోటు ముంబైలోని మన తెలుగువాళ్ల గల్లీలు. మన పెద్దల నోట అది ఇప్పటికీ బొంబాయే. అక్కడి కామాఠీపురా పేరు వినగానే కొందరికి వేరే సంగతులు గుర్తుకు రావచ్చు. కానీ ఆ పేరు వచ్చింది మాత్రం కష్టజీవుల వల్ల. నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచి 18వ శతాబ్దం చివరి నుంచీ కూలి పనులకు, కట్టడాల పనులకు వలస వెళ్లినవారిని అక్కడ కామాఠీలు అన్నారు. వాళ్లు గుడిసెలు వేసుకున్న చోటు కామాఠీపురా అయింది. హైదరాబాదు పాతబస్తీలోనూ అదే పేరుతో ఒక పేట ఉంది. తర్వాతి కాలంలో బట్టల మిల్లుల్లో పనికి వెళ్లిన పద్మశాలీలు, ఇతర తెలుగువారు కామాఠీపురాలోనూ, వర్లీ, లోయర్ పరేల్, నాయ్‌గావ్ వంటి మిల్లుల పేటల్లోని చాళ్లలోనూ స్థిరపడ్డారు. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మె తర్వాత మిల్లులు ఒకటొకటిగా మూతపడుతుంటే, చేతికి దొరికిన పనిని పట్టుకుని బతికినవారు వీళ్లలో ఎందరో.

ఆ గల్లీల్లో కారు కడగాలంటే మూడు ఇబ్బందులు. మొదటిది నీళ్లు. చాళ్లలో నల్లా రోజంతా రాదు. వచ్చే ఆ కాసేపట్లోనే ఇంటిల్లిపాదికీ నీళ్లు పట్టుకోవాలి. అలాంటి చోట కారుకు గొట్టం పెట్టి నీళ్లు కొడితే పక్కింటివాళ్లు ఊరుకుంటారా? రెండోది చోటు. ఇంటి ముందు వాకిలి ఉండదు, గల్లీ అంచున నిలిపిన చోటే కడగాలి. మూడోది సముద్రపు గాలి. ఆ గాలిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు, తేమ కలిస్తే రేకుకు తుప్పు త్వరగా పడుతుంది. ఈ మూడు ఇబ్బందుల మధ్య కారును శుభ్రంగా ఉంచుకోగలిగితే, మన వాకిట్లో ఉంచుకోవడం ఎంత పని?

ముంబైలో తెల్లవారుజామున చూస్తే, ఒక బకెట్టు, ఒక గుడ్డ పట్టుకుని వరసగా కార్లు తుడుచుకుంటూ వెళ్లే పనివాళ్లు కనిపిస్తారు. నెల జీతానికి ఒక్కొక్కరు ఎన్నో కార్లు తుడుస్తారు. ఆఫీసుల వేళకు అన్నీ అయిపోవాలి. బకెట్టు ఒకటే, గుడ్డ ఒకటే. మొదటి కారు మీది దుమ్ము, ఇసుక ఆ గుడ్డకు అంటుతాయి. గుడ్డను ముంచితే అవి బకెట్టులోకి దిగుతాయి. మళ్లీ ముంచితే గుడ్డకే ఎక్కుతాయి. నాలుగో కారు దగ్గరకు వచ్చేసరికి ఆ గుడ్డ గుడ్డలా ఉండదు, గరుకు కాగితంలా తయారవుతుంది. ఇది ఆ పనివాళ్ల తప్పు కాదు. ఉన్న నీళ్లకు, ఇచ్చే జీతానికి, దొరికే సమయానికి అంతకంటే చెయ్యలేరు. కానీ ఫలితం మాత్రం కారు రంగు మీద కనిపిస్తుంది. ఎండలో నల్ల కారు బానెట్ మీదికి వంగి చూడండి. సాలెగూడులాగా గుండ్రటి సన్నని గీతలు మెరుస్తుంటాయి. అవి చాలావరకు తుడుపు గీతలే. పొడి గుడ్డతో దుమ్ము దులిపే అలవాటు ఉన్న మన ఊళ్లలోనూ ఇవే గీతలు పడుతున్నాయి.

ఆ గీతలు ఎందుకంత త్వరగా పడతాయో తెలియాలంటే రంగు మందం ఎంతో తెలియాలి. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కారు రేకు మీద తుప్పు పట్టకుండా వేసే అడుగు పూత, దాని మీద ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన అద్దంలాంటి పారదర్శకమైన పూత ఉంటాయి. ఈ పైపూతను క్లియర్ కోట్ అంటారు. ఇవన్నీ కలిపినా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే ఇంచుమించు రెండు వెంట్రుకల మందం. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లే. అది ఒక వెంట్రుక మందం కూడా లేదు! కారు మెరుపంతా ఆ పొరలోనే ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కింది రంగును కాపాడేదీ ఆ పొరే. అది ఒకసారి అరిగిపోతే తిరిగి పెరగదు.

ఇక కడిగే పద్ధతికి వద్దాం. రెండు బకెట్లు, ఒక చెంబు, రెండు మెత్తని గుడ్డలు, ఒక టర్కీ తువ్వాలు ఉంటే చాలు. గుడ్డకు మైక్రోఫైబర్ దొరికితే మంచిది. దొరక్కపోతే బొత్తాలు, కుట్లు లేని పాత బనియను గుడ్డ పనికొస్తుంది. టర్కీ తువ్వాలుకు మనవాళ్లు ఎక్కడికీ పోనక్కర్లేదు. మన తెలుగు పద్మశాలీలు ఎక్కువగా ఉన్న షోలాపూర్ ఆ తువ్వాళ్లకు పేరు పొందింది.

కారును నీడలోకి చేర్చండి. ఎండలో నిలిపిన కారైతే బానెట్ చల్లారేదాకా ఆగండి. వేడి రేకు మీద సబ్బు నీళ్లు కడిగేలోపే ఆరిపోయి మరకలు కడతాయి. పొద్దున ఎండ ముదరకముందు, లేదా సాయంత్రం పొద్దుగూకే వేళ ఈ పనికి అనువైనవి.

ఒక బకెట్టులో సబ్బు నీళ్లు కలుపుకోండి. రెండో బకెట్టులో ఒట్టి నీళ్లు ఉంచుకోండి. సబ్బు అనగానే బట్టల సబ్బు పొడి తీసుకోవద్దు. అందులో క్షారం ఎక్కువ. అది మురికితోపాటు మైనాన్ని కూడా కడిగేస్తుంది, రబ్బరు అంచులను ఎండగొడుతుంది. గిన్నెలు తోమే సబ్బు కూడా జిడ్డును విరగ్గొట్టడానికి చేసిందే కాబట్టి మైనాన్ని మిగల్చదు. కార్ల కోసం అమ్మే షాంపూ మంచిది. అది దొరకని రోజున తలకు పెట్టుకునే షాంపూ చిన్న పాకెట్టు ఒకటి బకెట్టు నీళ్లలో కలిపి వాడుకోవచ్చు.

ముందు గుడ్డ పెట్టకూడదు, నీళ్లు పొయ్యాలి. ఇది మరవకండి. చెంబుతో టాపు మీద నుంచి కిందికి జారేలా పోస్తే వదులుగా ఉన్న దుమ్ము, ఇసుక నీళ్లతోనే దిగిపోతాయి. గుడ్డ తగిలేలోపు ఎంత దుమ్ము పోతే అన్ని గీతలు తప్పినట్టే. తర్వాత గుడ్డను సబ్బు నీళ్లలో ముంచి టాపుతో మొదలుపెట్టండి. టాపు అయ్యాక అద్దాలు, బానెట్, డిక్కీ, తలుపుల పై సగం, ఆ తర్వాత తలుపుల కింది సగం, అన్నిటికన్నా చివర టైర్లు, చక్రాలు. ఎందుకంటే కారుకు కింది భాగంలోనే ఇసుక, బ్రేకుల పొడి ఎక్కువ. కింద తుడిచిన గుడ్డతో పైన తుడవకూడదు. చక్రాలకు రెండో గుడ్డ విడిగా పెట్టుకోండి.

గుండ్రంగా తిప్పుతూ రుద్దవద్దు. నిలువుగానో అడ్డంగానో, చెయ్యి బరువు వెయ్యకుండా తిన్నగా లాగండి. ఒక్కొక్క భాగం అయ్యాక గుడ్డను ముందు ఒట్టి నీళ్ల బకెట్టులో జాడించి పిండండి. ఆ తర్వాతే సబ్బు నీళ్లలో ముంచండి. రెండు బకెట్ల కీలకం ఇదే. ఇసుక ఒట్టి నీళ్లలో దిగిపోతుంది, సబ్బు నీళ్లు శుభ్రంగా ఉంటాయి. సబ్బు ఆరకముందే మంచి నీళ్లు పోసి కడిగేయండి. ఇలా చేస్తే మొత్తం కారుకు మూడు నాలుగు బకెట్ల నీళ్లు, అంటే 50, 60 లీటర్లు సరిపోతాయి. నిమిషానికి 10 లీటర్లు పడే గొట్టాన్ని అరగంట వదిలేస్తే పోయేవి 300 లీటర్లు. ఎండాకాలంలో ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లో ఈ లెక్క ఎంత విలువైనదో మీకు చెప్పనక్కర్లేదు.

కడగడం అయ్యాక కారును దానంతటది ఆరనివ్వవద్దు. ఇక్కడ ముంబైకీ మనకూ ఒక తేడా ఉంది. ముంబై నల్లాల్లో వచ్చేవి తాన్సా, భాత్సా, వైతరణ వంటి జలాశయాల వాన నీళ్లు. 1892లో తాన్సా జలాశయం పూర్తయినప్పటి నుంచీ ఆ నగరం దూరపు జలాశయాల నీళ్లు తాగుతోంది. వాన నీళ్లలో లవణాలు తక్కువ. మన దగ్గర చాలా ఇళ్లలో బోరు నీళ్లు వాడతాం. వాటిలో సున్నపు లవణాలు ఎక్కువ. నీటి బొట్టు ఆరిపోతే నీరు పోతుంది, లవణం మిగులుతుంది. అదే తెల్లటి గుండ్రటి మరక. నాలుగు రోజులు ఎండకు కాలితే ఆ మరక రంగును పట్టుకుంటుంది. అందుకే టర్కీ తువ్వాలును తడి మీద పరిచి, మెల్లగా ఒత్తి నీటిని పీల్పించండి. రుద్దకండి. తలుపులు తెరిచి అంచుల్లో, డిక్కీ మూత కింద నిలిచిన నీటిని కూడా అద్దండి. ఇదివరకే తెల్ల మరకలు పడి ఉంటే, తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి గుడ్డతో అద్ది, ఒక నిమిషం ఆగి మంచి నీళ్లతో కడిగేయండి.

మన ప్రాంతపు దుమ్ముల గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. దేవాపూర్, గడ్‌చాందూర్ వంటి సిమెంటు ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఉండేవారు జాగ్రత్తగా వినండి. కారు మీద సిమెంటు దుమ్ము పడి, రాత్రి మంచు కురిసిందంటే ఆ తడికి అది గట్టిపడి రంగుకు అతుక్కుంటుంది. దాన్ని పొడి గుడ్డతో తుడిస్తే గీతలు, తడి గుడ్డతో రుద్దినా గీతలే. ఎక్కువ నీళ్లు పోసి, నానబెట్టి వదిలించాలి. రాత్రిపూట కారు మీద కవరు కప్పితే ఈ బాధ తగ్గుతుంది. కానీ దుమ్ము పట్టిన కారు మీద కవరు కప్పవద్దు. గాలికి కవరు కదిలినప్పుడల్లా ఆ దుమ్ముతోనే కారును గీకుతుంది. రామగుండం, బల్లార్‌పూర్ వంటి బొగ్గు ప్రాంతాల్లో బొగ్గు పొడికీ ఇదే పద్ధతి. ఇక నల్లరేగడి పొలాల దారుల్లో తిరిగే బండ్లకు వానాకాలంలో మడ్‌గార్డుల లోపల మట్టి పెళ్లలుగా పేరుకుంటుంది. ఆ మట్టి పైకి ఎండినట్టే కనిపించినా లోపల తడిని పట్టుకునే ఉంటుంది. రేకు లోపలి నుంచి తుప్పు పట్టేది అక్కడే. పది పదిహేను రోజులకు ఒకసారి మడ్‌గార్డుల లోపల నీళ్లు కొట్టి ఆ పెళ్లలు రాల్చండి.

పిట్టల రెట్టను మాత్రం వారం దాకా ఉంచకండి. అందులోని ఆమ్లం, ఎండ వేడితో కలిసి రంగును తినేస్తుంది. తడి గుడ్డ వేసి ఐదు నిమిషాలు నానబెట్టి, పైకి ఎత్తినట్టు తీసేయండి. చింతచెట్టు కింద, వేపచెట్టు కింద నీడ కోసం బండి పెట్టేవారు ఈ సంగతి రోజూ చూసుకోవాలి. కడిగిన వెంటనే బండి తీసేటప్పుడు, నెమ్మదిగా నడుపుతూ రెండు మూడుసార్లు బ్రేకు తొక్కి తడి ఆరేలా చూసుకోండి. తడి బ్రేకు వెంటనే పట్టదు.

ఇక రెండో పని, పాలిష్. పాలిష్‌లో కంటికి కనపడనంత సన్నని గరుకు పొడి ఉంటుంది. అది గీత చుట్టూ ఉన్న పొరను గీత అడుగుదాకా అరగదీస్తుంది. అప్పుడు గీత కనిపించదు, వెలుతురు సమంగా తిరిగొస్తుంది. మెరుపు రావడానికి కారణం ఇదే. అంటే మెరుపు కోసం మనం రంగు మందాన్ని ఖర్చు పెడుతున్నామన్నమాట. వెంట్రుక మందం కూడా లేని పొరను ఏటా నాలుగుసార్లు అరగదీస్తే ఏం మిగులుతుంది? గోరు పెడితే గోటికి తగిలే లోతైన గీత పాలిష్‌తో పోదు. దానికోసం అదేపనిగా రుద్దవద్దు.

మీ కారుకు క్లియర్ కోట్ ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. ఎవరికీ కనపడని మూలన, తెల్ల గుడ్డకు చుక్క పాలిష్ అంటించి మెల్లగా రుద్దండి. గుడ్డకు కారు రంగు అంటకపోతే పైన క్లియర్ కోట్ ఉన్నట్టు. రంగు అంటితే పైపూత లేనట్టు, లేదా అది ఎక్కడో అరిగిపోయినట్టు. ముంబైలో ఎన్నో ఏళ్లు తిరిగిన పద్మినీ టాక్సీలను తలచుకోండి. కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు తయారు చేసినవి, ఒళ్లు నలుపు, టాపు పసుపు. వాటికి క్లియర్ కోట్ ఉండేది కాదు. టాపుకు పాలిష్ పడితే గుడ్డ పసుపయ్యేది, తలుపుకు పడితే నల్లబడేది. అలాంటి పూతలో ఎండకు పైపొర మాసి, తెల్లగా పొడిబారుతుంది. ఆ మాసిన పొరను తీస్తే కింద కొత్త రంగు కనిపిస్తుంది. అలా ఏళ్ల తరబడి తీస్తూ పోతే చివరికి అంచుల దగ్గర ప్రైమరు బయటపడుతుంది. 2023 అక్టోబరుతో ఆ పద్మినీ టాక్సీలు ముంబై రోడ్ల మీది నుంచి తప్పుకున్నాయి. అయితే క్లియర్ కోట్ లేని పాత బండ్లు, మళ్లీ రంగు కొట్టించిన బండ్లు మన దగ్గర ఇంకా తిరుగుతున్నాయి. వాటికి పాలిష్ చాలా పొదుపుగా వాడాలి.

అంగట్లో పాలిష్ అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. రబ్బింగ్ కాంపౌండ్ అనేది ముదురు గరుకు, పాలిష్ అనేది సన్నని గరుకు. ఇంట్లో చేత్తో చేసుకునే పనికి సన్నని పాలిష్ చాలు. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన కారుకే పాలిష్ పట్టాలి. దుమ్ము మీద పాలిష్ పడితే దుమ్ముతో తోమినట్టే. ఒకసారికి రెండు జానల మేర మాత్రమే తీసుకుని, కొద్దిగా పాలిష్ అంటించి, ఒకే బరువుతో రుద్ది, ఆరకముందే శుభ్రమైన గుడ్డతో తుడిచేయండి. తలుపు అంచులు, బానెట్ మడతల దగ్గర పూత పలచగా ఉంటుంది. అక్కడ చెయ్యి తేలిక చెయ్యండి. ప్లాస్టిక్ పట్టీలకు, రబ్బరుకు తగలనివ్వకండి, తెల్ల చారలు పడతాయి.

మూడో పని మైనం. అంగట్లో దీన్ని వాక్స్ అంటారు. బ్రెజిల్ దేశంలో పెరిగే కర్నౌబా అనే తాటి జాతి చెట్టు, ఎండకు తన ఆకుల్లోని నీరు ఆవిరి కాకుండా ఆకుల మీద ఒక మైనాన్ని పూసుకుంటుంది. ఆ మైనమే మంచి కారు వాక్స్‌లలో వాడేది. అది 80 డిగ్రీలు దాటితే తప్ప కరగదు. చెట్టు తన ఆకును కాపాడుకునే ఉపాయమే మన కారు రంగునూ కాపాడుతుంది. మైనం పూసిన రంగు మీద నీరు నిలవదు, ముత్యాల్లా బొట్లు కట్టి జారిపోతుంది. దుమ్ము గట్టిగా అంటుకోదు, కాబట్టి మరుసటిసారి తక్కువ నీళ్లతో, తక్కువ రుద్దుడుతో కారు శుభ్రమవుతుంది. ముంబైలో ఉప్పు గాలి తిన్నగా రంగును తాకకుండా అడ్డు నిలిచేదీ ఇదే. అయితే మైనం గీతలను పోగొట్టదు, ఉన్న తుప్పును ఆపదు. దానికి ఆ శక్తి ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మైనం పూసే తీరు ఇది. కారు కడిగి, పూర్తిగా ఆరాక, నీడలో, వేలెడు మైనం మెత్తటి గుడ్డకు తీసుకుని పలచగా పూయండి. మందంగా పూస్తే ఎక్కువ కాలం ఉంటుందనుకోవద్దు. మందంగా పూసింది తుడవడానికే ఎక్కువ శ్రమ. ఒక భాగం పూశాక పది నిమిషాలు ఆగండి. వేలితో గీస్తే పొడిలా లేచినప్పుడు శుభ్రమైన గుడ్డతో తేలిగ్గా తుడవండి. ముందద్దానికి పూయకండి, రాత్రి ఎదురు లైట్లకు అద్దం మసకబారుతుంది. మైనం ఉందో పోయిందో తెలుసుకోవాలంటే బానెట్ మీద చెంబెడు నీళ్లు పోసి చూడండి. బొట్లు కడితే ఉన్నట్టు, నీరు పరుచుకుని నిలిస్తే పోయినట్టు. కర్నౌబా మైనం మన ఎండలకు ఒకటి రెండు నెలలు ఉంటుంది. రసాయనాలతో తయారైన సీలెంటులు ఇంకొంచెం ఎక్కువ కాలం ఉంటాయి.

డబ్బు పెట్టలేనివారు ఈ మూడింట్లో దేన్ని వదలవచ్చు? పాలిష్‌ను వదలండి. మైనాన్ని ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి పూసినా మేలే. సరైన కడుగుడును మాత్రం వదలవద్దు, దానికి ఖర్చు లేదు.

కొన్ని చెడ్డ అలవాట్లు కూడా ఉన్నాయి. నిగనిగ కోసం డీజిలు గుడ్డతోనో, కిరోసిను గుడ్డతోనో బండి తుడుస్తారు. ఆ మెరుపు ఒక్క పూటే. ఆ జిడ్డుకు దుమ్ము మరింత పడుతుంది, రబ్బరు ఉబ్బి పగులుతుంది, ఆ గుడ్డల వల్ల నిప్పు ప్రమాదం కూడా ఉంది. గిన్నెల పీచుతో రెట్ట గీకడం, టూత్‌పేస్టుతో లైట్లు తోమడం కూడా ఇలాంటివే. టూత్‌పేస్టు కూడా గరుకు పదార్థమే. లైటు నాలుగు రోజులు మెరిసినా, ఎండను ఆపే పైపూత పోయి మళ్లీ త్వరగా పచ్చబడుతుంది.

చివరగా, పాత కారు కొనేవారికి ఒక మాట. ముంబై నుంచో, మరో పెద్ద నగరం నుంచో తక్కువ ధరకు వచ్చిందని పాత కారు తెచ్చుకునేవారు మన జిల్లాల్లో ఉన్నారు. అమ్మేవాళ్లు దానికి పాలిష్ పట్టించి అద్దంలా చూపిస్తారు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఇలాంటప్పుడే గుర్తుకు రావాలి. 2005 జూలై 26న ముంబైలోని శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. అదే రోజు దక్షిణాన కొలాబాలో పడింది 73 మిల్లీమీటర్లే. అంటే ఒకే నగరంలో ఒక కారు మునిగి ఉండవచ్చు, మరో కారు చెక్కుచెదరకుండా ఉండవచ్చు. ఆ తర్వాత కూడా లోతట్టు పేటల్లో నీళ్లు నిలవడం చాలాసార్లు జరిగింది. కాబట్టి మెరుపును చూసి బేరమాడకండి. కాలి కింద చాపలు ఎత్తి వాసన చూడండి, ముక్కవాసన వస్తే అనుమానించండి. సీట్లు జరిగే పట్టాల మీద తుప్పు ఉందేమో చూడండి. డిక్కీలో స్పేరు టైరు తీసి గుంటలో బురద చార ఉందేమో చూడండి. తలుపుల కింది అంచు చేత్తో తడమండి. చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి రేకుకు ఆనించండి. గట్టిగా పట్టని చోట, తుప్పు తిన్న గుంటను పుట్టీతో పూడ్చి రంగు కొట్టి ఉండవచ్చు. బంపర్లు ప్లాస్టిక్‌వి కాబట్టి వాటికి ఈ పరీక్ష చెల్లదు. వేరే రాష్ట్రపు బండికి అక్కడి రవాణా కార్యాలయం నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తేవాలన్న సంగతీ మరవకండి.

మరొక్క మాట. మీ కారును మీరే కడుక్కోకుండా ఎవరితోనైనా కడిగిస్తున్నట్టయితే, ఆ మనిషికి రెండో బకెట్టు మీరే ఇవ్వండి. రెండు మంచి గుడ్డలు ఇవ్వండి. రోజంతా సబ్బు నీళ్లలో నానే చేతులకు పగుళ్లు, దురద వస్తాయి కాబట్టి ఒక జత రబ్బరు చేతి తొడుగులు కొనివ్వండి. రోజూ తడిగుడ్డతో తుడవమని పట్టుబట్టకుండా, వారానికి ఒకసారి సావకాశంగా కడగమని చెప్పండి, జీతం తగ్గించకండి. కొత్తొక వింత, పాతొక రోత అంటారు. కానీ సరిగ్గా చూసుకున్న బండి పాతబడ్డా రోత పుట్టించదు. మన పల్లెల నుంచి బొంబాయి వెళ్లి, చాళ్లలో బతుకుతూ, ఇతరుల వస్తువులను తమవిగా చూసుకుంటున్న మనవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల చేతికి సరైన సాధనం ఇస్తే అటు మీ కారూ బాగుంటుంది, ఇటు వాళ్ల చేతులూ బాగుంటాయి.

ముందు నీళ్లు, తర్వాత గుడ్డ. పై నుంచి కిందికి. రెండు బకెట్లు. నీడలో పని. పాలిష్ అరుదుగా, మైనం పలచగా. ఈ ముక్కలు గుర్తుంచుకుంటే మీ బండి రంగు మీ చేతిలోనే ఉంటుంది.